పైసిండీ సమీక్ష: ముందు ఆ 0.1 సంగతి చూడండి

ఊగే లోలకమో, చల్లారే ట్యాంకో, పెరిగి తరిగే కుందేళ్ల సంఖ్యో, ఏదైనా కాలంతో పాటు మారే వ్యవస్థ. కొలిచిన అంకెలు చేతిలో ఉన్నాయి, దాన్ని నడిపే అవకలన సమీకరణం మాత్రం తెలియదు. అలాంటప్పుడు వాడే పైథాన్ లైబ్రరీ పైసిండీ. ఉచితం, ఎంఐటీ లైసెన్సు. జీపీయూ అక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. న్యూరల్ నెట్‌వర్క్ లోపల ఏం జరుగుతోందో చూడలేం. ఇది కాగితం మీద రాసుకోగలిగే సమీకరణాన్నే చేతికిస్తుంది. జనం దీని వెంట పడేది అందుకే, చిక్కు వచ్చేదీ అక్కడే. అచ్చులో అందంగా కనబడే సమీకరణాన్ని ఎవరూ రెండోసారి అనుమానించరు.

దీని వెనకున్న పద్ధతి పేరు సిండీ. స్టీవెన్ బ్రంటన్, జాషువా ప్రాక్టర్, నేథన్ కుట్జ్ 2016లో పీఎన్‌ఏఎస్ పత్రికలో ప్రచురించారు. పైసిండీ గురించిన వ్యాసం 2020లో వచ్చింది, చాలా చేర్పులతో 2022లో మరొకటి. పని చేసే తీరు తేలికే. ప్రతి చలరాశికీ ఒక నిలువు వరుస చొప్పున డేటా ఇస్తాం. లైబ్రరీ దాని మార్పు రేటును, అంటే డెరివేటివ్‌ను లెక్కిస్తుంది. తర్వాత 1, ఎక్స్, వై, ఎక్స్ వర్గం, ఎక్స్·వై ఇలా అభ్యర్థి పదాల జాబితా తయారుచేసి, ఏ పదాన్ని ఎంత పాళ్లలో కలిపితే ఆ రేటు వస్తుందో కనిష్ఠ వర్గాల పద్ధతిలో చూస్తుంది. త్రెషోల్డ్ (మనం పెట్టే కనీస హద్దు) కన్నా చిన్న గుణకాలను సున్నా చేసి, మిగిలిన పదాలతో మళ్లీ లెక్క కడుతుంది. జాబితా మారడం ఆగేదాకా ఇదే తంతు. దీన్నే ఎస్‌టీఎల్‌ఎస్‌క్యూ అంటారు. ఏమీ మార్చకుండా వాడితే త్రెషోల్డ్ 0.1, పదాల జాబితా రెండో ఘాతం వరకు, డెరివేటివ్‌కి రెండో ఆర్డర్ ఫైనైట్ డిఫరెన్స్, అంటే దగ్గరి కొలతల తేడాను కాలపు తేడాతో భాగించడం.

అంటే జాబితాలో లేని పదాన్ని ఇది ఎన్నటికీ కనుక్కోదు. "యంత్రం ప్రకృతి నియమాన్ని కనిపెట్టింది" అన్న శీర్షికలు చదివి వచ్చినవాళ్లకు ఈ మాట ముందే చెప్పాలి. మనం రాసిచ్చిన వంద పేర్లలోంచి ఓ ఆరేడు ఎంచి పెట్టడమే దీని పని. ఆ పని మాత్రం బాగా చేస్తుంది.

లోరెంజ్ పరీక్షలో నూటికి నూరు

అందరూ మొదట నడిపే ఉదాహరణ 1963 నాటి లోరెంజ్ సమీకరణాలు, అస్తవ్యస్తంగా తిరిగే మూడు చలరాశుల వ్యవస్థ. వాటిలోని స్థిరాంకాలు సిగ్మా 10, రో 28, బీటా 8/3. అడుగు 0.002 పెట్టి 100 యూనిట్ల కాలం నడిపితే 50,000 వరుసలు వస్తాయి. మూడు చలరాశులు, రెండో ఘాతం అంటే ఒక్కో సమీకరణానికి 10 పదాలు, మొత్తం 30 గుణకాలు. వాటిలో నిజంగా ఉండాల్సినవి ఏడే. నాయిస్ (కొలతల్లో దూరే యాదృచ్ఛిక దోషం) లేని డేటా ఇస్తే కన్ను మూసి తెరిచేలోగా ఆ ఏడూ తేలతాయి:

ఎక్స్′ = −10 ఎక్స్ + 10 వై
వై′ = 28 ఎక్స్ − వై − ఎక్స్·జెడ్
జెడ్′ = ఎక్స్·వై − 2.667 జెడ్

దీన్ని చూసి మురిసిపోయే ముందు గుణకాలను గమనించండి. అన్నిటికన్నా చిన్నది 1. త్రెషోల్డ్‌కి పది రెట్లు పైన. డిఫాల్ట్ సెట్టింగ్‌కి ఇంతకన్నా అనువైన ఉదాహరణ దొరకదు. సొంత డేటా తెచ్చుకున్నాక అందరికీ ఇదే భాగ్యం దక్కదు.

ఈ తేలిక ఉదాహరణలోనే రెండు చోట్ల కాలు జారుతుంది. మొదటిది వరుసల దిశ. సమీకరణాన్ని నడిపి డేటా తయారుచేసేది సైపై అనే మరో పైథాన్ లైబ్రరీలోని సాల్వ్‌ఐవీపీ; అది ఇచ్చే ఫలితంలో ఒక్కో చలరాశి ఒక అడ్డు వరుసగా, ఒక్కో క్షణం ఒక నిలువు వరుసగా ఉంటుంది. పైసిండీకి దీన్ని తిప్పి ఇవ్వాలి. తిప్పడం మర్చిపోతే 3 కొలతలు, 50,000 చలరాశులు అని అర్థం చేసుకుని, రెండో ఘాతానికి 125 కోట్ల పదాలు తయారుచెయ్యబోయి మెమరీ నింపేస్తుంది. కనీసం అది కూలిపోతుంది కాబట్టి తప్పు తెలుస్తుంది. రెండోది కాలపు అడుగు. పాత వెర్షన్లలో ఫిట్‌కి (మోడల్ కట్టే ఆదేశానికి) అడుగు ఇవ్వకపోతే 1 అని అనుకునేది. అప్పుడు గుణకాలన్నీ 0.002తో గుణించినంత అవుతాయి: 28 కాస్తా 0.056, 10 కాస్తా 0.02. అన్నీ 0.1 కిందే. మూడు సమీకరణాలూ సున్నా అని వచ్చి, త్రెషోల్డ్ మరీ ఎక్కువైందన్న హెచ్చరిక ఒకటి కనిపిస్తుంది. అది చూసి త్రెషోల్డ్ తగ్గించుకుంటూ పోయేవాళ్లు ఉంటారు. జబ్బు అక్కడ లేదు, గడియారంలో ఉంది.

కుందేళ్లు, లింక్స్: అసలు పరీక్ష

కెనడాలో హడ్సన్స్ బే కంపెనీకి చేరిన తోళ్ల లెక్క నుంచి వచ్చిన డేటా చాలా పాఠాల్లో కనిపిస్తుంది. 1900 నుంచి 1920 దాకా ఏటా ఒక అంకె చొప్పున 21 వరుసలు, చలరాశులు రెండు: కుందేలు ఒకటి, దాన్ని వేటాడే లింక్స్ అనే అడవిపిల్లి ఒకటి. అంకెలు వేలల్లో. దీనికి లోట్కా–వోల్టెర్రా నమూనా సరిపోతుందని ప్రతీతి: కుందేళ్లు వాటంతట అవి పెరుగుతాయి, రెండూ ఎదురుపడితే తగ్గుతాయి, లింక్స్ తిండి లేక తగ్గుతాయి, ఎదురుపడితే పెరుగుతాయి. ఈ రూపాన్ని ముందే ఖాయం చేసుకుని బేయేసియన్ పద్ధతిలో గుణకాలు కడితే సుమారుగా 0.55, 0.028, 0.80, 0.024 వస్తాయి.

ఇప్పుడు పైసిండీని డిఫాల్ట్‌గా నడపండి. ఎదురుపడే పదాల గుణకాలు 0.028, 0.024. త్రెషోల్డ్ 0.1. వేట పదాలు రెండూ మొదటి చుట్టులోనే ఎగిరిపోతాయి. మిగిలేది సరళ (లీనియర్) సమీకరణం. దానితోనూ కాసేపు ఊగిసలాట కనిపించవచ్చు, గ్రాఫు చూసి ఫరవాలేదనిపించవచ్చు. అసలు కథ మాత్రం అందులో లేదు.

ఎంత పెద్ద పదాన్ని పారేసిందో 1903 లెక్కలో చూడండి. ఆ ఏడు కుందేళ్లు 77.4, లింక్స్ 35.2. సొంత పెరుగుదల 0.55 × 77.4, అంటే దాదాపు 43. వేట నష్టం 0.028 × 77.4 × 35.2, అంటే దాదాపు 76. మరుసటి ఏడు కుందేళ్లు 36.3కి పడిపోయాయి. ఆ పతనాన్ని వివరించే పదం సమీకరణంలో అన్నిటికన్నా బరువైనది. దాన్నే "చిన్నది" అని తీసేసింది. ఎందుకంటే త్రెషోల్డ్ చూసేది గుణకాన్ని, ఆ పదం మొత్తం విలువను కాదు. తూకం వెయ్యకుండా సంచి మీద రాసిన ధర చూసి సరుకు తీసేసినట్టు.

మందు తేలికైనదే: యూనిట్లు మార్చండి. కుందేళ్ల సగటు 34.1, లింక్స్ సగటు 20.2. ఒక్కో నిలువు వరుసను దాని సగటుతో భాగిస్తే 0.028 కాస్తా 0.028 × 20.2, అంటే 0.57 అవుతుంది, 0.024 కాస్తా 0.82. నాలుగు గుణకాలూ 0.5కీ 0.9కీ మధ్యకు వచ్చేస్తాయి, 0.1 త్రెషోల్డ్ అప్పుడు అర్థవంతమవుతుంది. ఇంకో విశేషం: మొదటి సమీకరణంలో 0.55, 0.57, రెండోదానిలో 0.80, 0.82, జంటలు దాదాపు సమానం. ఇది కాకతాళీయం కాదు. లోట్కా–వోల్టెర్రా వ్యవస్థలో పూర్తి చక్రం మీద సగటు సరిగ్గా సమతుల్య బిందువు దగ్గరే ఉంటుంది. సమీకరణం దొరికాక దాన్ని సరిచూసుకోవడానికి ఇదొక ఉచిత పరీక్ష.

ఈ పని లైబ్రరీయే చేస్తుంది కదా, నార్మలైజ్ కాలమ్స్ అని ఆప్షన్ ఉంది కదా అని అడగవచ్చు. ఉంది. అయితే అది ఒక్కో పదం నిలువు వరుసను దాని నార్మ్‌తో, అంటే అందులోని అంకెల వర్గాల మొత్తానికి వర్గమూలంతో భాగిస్తుంది. నార్మ్ కొలతల సంఖ్యతో పాటు పెరుగుతుంది, నాలుగు రెట్లు డేటా ఇస్తే రెండింతలు అవుతుంది. అంటే అదే త్రెషోల్డ్ 500 కొలతల దగ్గర ఒకలా, 50,000 దగ్గర ఇంకోలా పనిచేస్తుంది. చేత్తో సగటుతో భాగించుకోవడమే మేలు.

స్కేలు సరిచేసినా ఈ డేటాతో చిక్కు తీరదు. రెండు చలరాశులు, రెండో ఘాతం, 12 గుణకాలు. చేతిలో ఉన్నవి 42 అంకెలు. పైగా చక్రం దాదాపు పదేళ్లు, కొలత ఏడాదికొకటి. అంత దూరంగా ఉన్న బిందువుల మధ్య సెంట్రల్ డిఫరెన్స్ (ముందు, వెనక కొలతల తేడాతో వాలు కట్టడం) తీస్తే ప్రధాన తరంగం వాలు దాదాపు 6 శాతం, ఐదేళ్ల ఉపతరంగం వాలు 24 శాతం తక్కువగా వస్తుంది. లింక్స్ గ్రాఫులోని పదునైన శిఖరాలకు ఆ ఉపతరంగాలే ఆధారం. డెరివేటివే తప్పయ్యాక దాని మీద కట్టే సమీకరణం ఎలా నిలుస్తుంది? లేని వర్గ పదాలు దూరి ఆ లోటు పూడ్చబోతాయి. ఇలాంటప్పుడు జాబితాను కుదించాలి: పాలినామియల్ లైబ్రరీలో (పైసిండీలో పదాల జాబితాను తయారుచేసే భాగం పేరు) ఇంటరాక్షన్ ఓన్లీ పెట్టి, స్థిరాంకం తీసేస్తే కుందేలు, లింక్స్, వాటి లబ్ధం, మూడే మిగులుతాయి. 12 గుణకాలు 6 అవుతాయి. ఇది మోసం కాదా అంటే, జీవశాస్త్రం తెలిసి చేసినప్పుడు కాదు. లింక్స్ లేకుండా లింక్స్ పుట్టవు, కాబట్టి స్థిరాంకానికి అక్కడ చోటే లేదు.

ముద్రణ విషయం ఒకటి. సమీకరణాన్ని చూపించే ప్రింట్ మూడు దశాంశాలే చూపిస్తుంది. డేటాను వేలల్లో కాకుండా పూర్తి సంఖ్యల్లో ఇచ్చి, త్రెషోల్డ్‌ను బాగా తగ్గిస్తే 0.028 కాస్తా 0.000028 అయి, తెర మీద 0.000 అని కనబడుతుంది. ప్రెసిషన్ పెంచి చూడండి, లేదా గుణకాల పట్టికనే నేరుగా తీసుకోండి.

నాయిస్ ఎంత వరకు తట్టుకుంటుంది

దీనికి ఒక చిన్న లెక్క చాలు. కొలతలో ప్రామాణిక దోషాన్ని కాలపు అడుగుతో, ఇంకా 1.41తో భాగిస్తే సెంట్రల్ డిఫరెన్స్‌లో వచ్చే దోషం తెలుస్తుంది. లోరెంజ్ డేటాకు 0.1 నాయిస్ కలిపారనుకుందాం. ఎక్స్ ±20 దాకా పోతుంది కాబట్టి 0.1 అంటే అర శాతం, ఏమంత పెద్దది కాదు. అడుగు 0.002. డెరివేటివ్‌లో దోషం 35! గుణకాలు 10, 28 ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు. తరచుగా కొలిస్తే మంచిదనే నమ్మకం ఇక్కడ తిరగబడుతుంది: అడుగు సగం చేస్తే ఒక్కో డెరివేటివ్‌లో దోషం రెట్టింపవుతుంది.

మొదటి మెట్టు స్మూత్డ్ ఫైనైట్ డిఫరెన్స్. ఇది సావిట్స్కీ–గోలే వడపోత, డిఫాల్ట్‌గా 11 బిందువుల కిటికీ. అడుగు 0.002 అయితే ఆ కిటికీ 0.022 యూనిట్ల కాలమే, 0.1 నాయిస్‌కి చాలదు. 51కి పెంచితే 0.1 యూనిట్లు అవుతుంది. లోరెంజ్ ఒక చుట్టు తిరగడానికి ముప్పావు యూనిట్ పడుతుంది కాబట్టి ఆకారం చెడదు. చుట్టులో ఏడో వంతు దాటి కిటికీ పెడితే శిఖరాలు అరిగిపోవడం మొదలవుతుంది, గుణకాలు తగ్గుతాయి. రెండు చివర్లలోని బిందువులను ఫిట్ నుంచి తీసేయండి, వడపోత అక్కడ ఎప్పుడూ తడబడుతుంది.

అదీ చాలకపోతే వీక్ రూపం. డేటాను డిఫరెన్షియేట్ చెయ్యకుండా, మనకు తెలిసిన నునుపైన ప్రమేయంతో గుణించి సమాకలనం చేసి, డెరివేటివ్‌ను ఆ ప్రమేయం మీదికి నెట్టేస్తారు. నాయిస్ సమాకలనంలో చాలావరకు కొట్టుకుపోతుంది. పేరు వీక్ పీడీఈ లైబ్రరీ. పేరులో పీడీఈ (పాక్షిక అవకలన సమీకరణం) ఉందని భయపడకండి, కాలం ఒక్కటే ఉన్న మామూలు అవకలన సమీకరణాలకూ (ఓడీఈ) పనికొస్తుంది. అసౌకర్యం ఏమిటంటే ఈ మోడల్‌ను నేరుగా సిమ్యులేట్ చెయ్యలేం. వచ్చిన గుణకాలను అదే జాబితా ఉన్న మామూలు మోడల్‌లోకి ఎత్తి నడుపుకోవాలి. ఇంత మంచి సాధనానికి ఇంత వంకర తోవ పెట్టడం బాగాలేదు.

ఏ పదాన్ని నమ్మాలో తేలనప్పుడు ఎన్‌సెంబుల్ ఆప్టిమైజర్ వాడండి. డేటాలోంచి రకరకాల ముక్కలు తీసి వంద మోడళ్లు కట్టి, ఒక్కో పదం ఎన్నిటిలో నిలిచిందో లెక్కపెట్టవచ్చు. 97లో ఉన్న పదం వేరు, 40లో ఉన్న పదం వేరు. పైసిండీలో ఒకే ఒక్క అదనపు సౌకర్యం వాడతానంటే ఇదే వాడమంటాం.

లోలకం, సైను, ఘాతాలు

మీటరు పొడవు లోలకాన్ని ఫోనుతో సెకనుకు 30 ఫ్రేముల చొప్పున తీస్తే వెళ్లి తిరిగొచ్చే ఒక్కో పూర్తి ఊపుకు 60 బిందువులు దొరుకుతాయి, ఇది చాలు. కోణం, కోణీయ వేగం రెండూ చలరాశులుగా ఇవ్వాలి. కోణం ఒక్కటే ఇస్తే సమీకరణం రాదు. వేగాన్ని కోణం నుంచే లెక్కించారా, రెండుసార్లు డిఫరెన్షియేట్ చేసినట్టే. పైన చెప్పిన నాయిస్ లెక్క రెండుసార్లు తగులుతుంది.

ఇక్కడ పాలినామియల్ లైబ్రరీకి ఫూరియర్ లైబ్రరీని (సైను, కొసైను పదాల జాబితాను) కూడిక గుర్తుతో కలపవచ్చు, అది ముచ్చటైన సదుపాయం. ముచ్చటగా ఉంది కదా అని అన్నీ కలిపితే వస్తుంది తంటా. 10 డిగ్రీల ఊపులో సైనుకీ కోణానికీ తేడా అర శాతం. 60 డిగ్రీల దగ్గర కూడా కోణం నుంచి దాని ఘనంలో ఆరో వంతు తీసేస్తే సైనుకు 1.2 శాతం దూరంలోకి వస్తాం. కొలతలో ఒక శాతం దోషం ఉంటే సైను, కోణం, ఘనం మూడిట్లో ఎవరు అసలు వారసులో లెక్క తేల్చలేదు. ముగ్గురికీ తలా కాస్త పంచుతుంది. 90 డిగ్రీలకు పైనుంచి వదిలిన ఊపులు కొన్ని డేటాలో ఉండాలి. వేర్వేరు ఎత్తుల నుంచి వదిలిన ప్రయోగాలను ఒక లిస్టుగా ఇస్తే అన్నిటినీ కలిపి ఒకే సమీకరణం కడుతుంది. ఒకే ప్రయోగాన్ని పది రెట్లు పొడుగ్గా తీయడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

గాలి నిరోధం సంగతి కూడా 0.1 దగ్గరికే వస్తుంది. వేగం ముందుండే గుణకం 0.05 అనుకోండి. ఊపు సగం కావడానికి దాదాపు 28 సెకన్లు పడుతుంది, అంటే కంటికి స్పష్టంగా కనిపించే క్షీణత. డిఫాల్ట్ త్రెషోల్డ్ దాన్ని కొట్టేసి, ఎన్నడూ ఆగని లోలకాన్ని చేతిలో పెడుతుంది.

స్కోరును నమ్మవద్దు

మోడల్ స్కోరు 0.99 అని వస్తే సంబరపడటం మామూలే. ఆ స్కోరు డెరివేటివ్‌ల మీద లెక్కించినది. సమీకరణాన్ని ముందుకు నడిపితే ఏమవుతుందో అది చెప్పదు. చిన్న వర్గ పదం ఒకటి తప్పు గుర్తుతో మిగిలిపోతే పథం కాసేపట్లో అనంతానికి లేచిపోతుంది. పైసిండీ సిమ్యులేట్ చేసేటప్పుడు 10⁻¹² సహనంతో అడుగులు వేస్తుంది కాబట్టి, అలాంటి మోడల్ దగ్గర ప్రోగ్రాము వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ నెమ్మదించిందని కూర్చోకండి, ఆపి సమీకరణం చూడండి.

దీనికి విరుద్ధమైన పొరపాటూ ఉంది. లోరెంజ్ లాంటి అస్తవ్యస్త వ్యవస్థలో 0.001 తేడా పది యూనిట్ల కాలంలో దాదాపు పదివేల రెట్లు పెరుగుతుంది. సరైన సమీకరణం కూడా కాసేపటికి అసలు పథం నుంచి విడిపోతుంది. అక్కడ పథాలను పక్కపక్కన పెట్టి తప్పు పట్టకూడదు. లోరెంజ్ పథం గీసే రెక్కల ఆకారం, సగటులు, విస్తరణ పోల్చాలి.

త్రెషోల్డ్ ఎంచుకోవడానికి 0.01 నుంచి 1 దాకా లాగరిథమిక్‌గా ఇరవై విలువలు తీసుకుని, ప్రతిదానికీ ఎన్ని పదాలు మిగిలాయో, ఫిట్‌లో వాడని ప్రయోగం మీద దోషం ఎంతో గీయండి. పదాల సంఖ్య మారకుండా చదునుగా సాగే చోటు ఒకటి ఉంటే అక్కడి సమీకరణం తీసుకోండి. చదును లేకుండా మెట్లు మెట్లుగా దిగుతూ పోతే జాబితా తప్పో, చలరాశి ఒకటి కొలవలేదో అని అర్థం.

దీనికి అందనివి

ఎక్స్ కింద కె + ఎక్స్ ఉండే మైకేలిస్–మెంటెన్ తరహా భిన్నాలు, లోపల స్థిరాంకం దాగిన ఘాతాంక ప్రమేయాలు దీని మామూలు పద్ధతికి అందవు. గుణకాలు పదాల బయట ఉండాలన్నది దీని మౌలిక షరతు. భిన్నాలకు సిండీ–పీఐ అనే దారి ఉంది, దానికి సీవీఎక్స్‌పై అనే లైబ్రరీ విడిగా పెట్టుకోవాలి, నాయిస్ పెరిగితే అదీ తడబడుతుంది. ఇలాంటి చోట మైల్స్ క్రాన్మర్ రాసిన పైఎస్‌ఆర్ మేలు. అది సమీకరణం ఆకారాన్నే పరిణామ పద్ధతిలో వెతుకుతుంది, లోపల జూలియా అనే ప్రోగ్రామింగ్ భాష నడుస్తుంది. క్లిష్టత పెరిగేకొద్దీ దోషం ఎంత తగ్గిందో వరుసగా చూపే పట్టిక ఇస్తుంది. డెరివేటివ్‌లు మనమే లెక్కించి ఇవ్వాలి, సమయం కూడా చాలా ఎక్కువ తీసుకుంటుంది. రెండూ కలిపి వాడటం మంచి అలవాటు: పైసిండీతో చుట్టుపక్కల తేల్చుకుని, అనుమానం ఉన్న ఒక్క సమీకరణాన్ని పైఎస్‌ఆర్‌కి ఇవ్వండి.

చలరాశులు పెరిగితే జాబితా ఉబ్బిపోతుంది. 3 చలరాశులకు ఐదో ఘాతం దాకా 56 పదాలు, 10 చలరాశులకు మూడో ఘాతానికే 286. పదికి మించితే ముందు ఎస్‌వీడీతో (చాలా చలరాశులను కొన్ని ముఖ్యమైనవిగా కుదించే మాత్రికల పద్ధతి) కుదించుకోవాలి.

డాక్యుమెంటేషన్‌లో నోట్‌బుక్కులు బోలెడు, మంచివి కూడా. ఇంటర్నెట్‌లో తిరిగే పాత కోడు మాత్రం కొత్త వెర్షన్‌లో అలాగే నడవదు. చలరాశుల పేర్లు పూర్వం మోడల్ తయారుచేసేటప్పుడు ఇచ్చేవాళ్లు, రెండో వెర్షన్ నుంచి ఫిట్‌కి ఇవ్వాలి. పలు ప్రయోగాలున్నాయని విడిగా చెప్పే ఆప్షన్ పోయింది, లిస్టు ఇస్తే అదే గ్రహిస్తుంది. ప్రాజెక్టు మొదలెట్టే రోజే వెర్షన్ నంబరును రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో రాసిపెట్టుకోండి.

ఐదుకు నాలుగు చుక్కలు. తగ్గిన ఆ ఒక్క చుక్కా 0.1 ఖాతాలో.